అమావాస్య చూసి వేసుకున్న అండమాన్ ట్రిప్

అండమాన్ వెళ్ళొచ్చి పది రోజులైంది, ఇంకా మా బుడ్డోడి స్కూల్ బ్యాగ్‌లోంచి ఇసక రాలుతూనే ఉంది, ఆ బ్యాగ్ అసలు ట్రిప్‌కే తీసుకెళ్ళలేదు మరి అదెలా వచ్చిందో నన్నడక్కండి. ఫొటోలు చూసిన దగ్గర్నుంచి ఫ్రెండ్సూ కజిన్సూ ఒకటే గోల, ప్లాన్ పంపవే ప్లాన్ పంపవే అని, ఒక్కొక్కళ్ళకి వాయిస్ మెసేజ్ పెట్టే ఓపిక లేక మొత్తం ఇక్కడ రాసేస్తున్నా. ముందే చెప్తున్నా, ఈ ప్లాన్‌లో సగం క్రెడిట్ మా అత్తయ్యగారిది, ఇంకో సగం ఆవిడ వంటింట్లో మేక్కి తగిలించుకునే తిథుల క్యాలెండర్‌ది.

మొదట నేను వేసిన ప్లాన్ చూస్తే మీకు నవ్వొస్తుంది. ఐదు రాత్రులు, ఐదు చోట్లు. పోర్ట్ బ్లెయిర్, హేవ్‌లాక్, నీల్, బారాటాంగ్, పైన ఉత్తరాన డిగ్లీపూర్. ఎక్సెల్‌లో ఒక్కో దీవికి ఒక్కో రంగు వేసి, గంట గంటకీ గడి గీసి, లంచ్‌కి నలభై నిమిషాలు, బీచ్‌కి గంటన్నర, అచ్చం స్కూల్ టైమ్‌టేబుల్ లాగా. మా ఆయన చూసి "ఇది హాలిడేనా ఇన్‌స్పెక్షనా" అన్నారు. డిగ్లీపూర్ పోర్ట్ బ్లెయిర్ నుంచి రోడ్డు మీద మూడొందల కిలోమీటర్ల పైమాటే అని, వెళ్ళడానికే ఒక రోజంతా పోతుందని మ్యాప్ సరిగ్గా చూసేదాకా నాకు తెలీదు, ఫోన్‌లో చూస్తే అన్నీ పక్కపక్కనే ఉన్నట్టు కనిపిస్తాయి కదా. అక్కడ చిన్నా పెద్దా కలిపి ఎనిమిది వందల పైనే దీవులున్నాయి, అందులో మనుషులుండేవి ముప్పై చిల్లర, అందులో మనం సుఖంగా వెళ్ళి రాగలిగేవి వేళ్ళ మీద లెక్కపెట్టచ్చు. నికోబార్ వైపు టూరిస్టుల్ని మామూలుగా వెళ్ళనివ్వరు.

మరి ప్లాన్ ఎక్కడ తేడా కొట్టిందంటే, నేను చోట్లు చూసి రోజులు పంచాను. దీవుల ట్రిప్‌లో అలా కుదరదు, బోట్లు చూసి రోజులు పంచుకోవాలి. ఊళ్ళ మధ్య తిరిగేటప్పుడు బస్సు పోతే ఇంకో బస్సు, లేదంటే క్యాబ్. ఇక్కడ బోట్ పోయిందంటే ఇక సముద్రమే. మా ఆఫీసులో ఒకావిడ పోయినేడాది ఆఖరి రోజు పొద్దున హేవ్‌లాక్ నుంచి బోట్ ఎక్కి మధ్యాహ్నం ఫ్లైట్ పట్టుకోవాలని పెట్టుకున్నారట, పొద్దున లేచేసరికి సముద్రం బాలేదు బోట్ క్యాన్సిల్ అని మెసేజ్, ఫ్లైట్ డబ్బులు హుష్ కాకి, రెండు రోజులు ఆ దీవిలోనే కూర్చుని కొత్త టికెట్లు కొనుక్కుని వచ్చారు. అది చిన్న విషయం. 2016 డిసెంబర్‌లో వాయుగుండం పడితే హేవ్‌లాక్, నీల్ దీవుల్లో వెయ్యి మందికి పైగా టూరిస్టులు ఇరుక్కుపోయారు, నేవీ వాళ్ళు వచ్చి తేవాల్సొచ్చింది, ఆ వాయుగుండమే తర్వాత వార్ధా తుఫాను అయ్యి చెన్నై మీద పడింది. బంగాళాఖాతం పక్కన పుట్టినవాళ్ళం, అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా అది ఎలా ఉంటుందో మనకి ఒకళ్ళు చెప్పాలా? అయినా నేను మొదట డిసెంబర్ మొదటి వారానికే టికెట్లు చూశాను, రేటు తక్కువుందని.

అందుకని మొదటి రూల్, డిసెంబర్ కొట్టేసి జనవరికి మార్చా. జనవరి నుంచి ఏప్రిల్ మధ్య దాకా సముద్రం కుదురుగా ఉంటుంది, మే నుంచి నైరుతి వాన మొదలు. రెండో రూల్, ఆఖరి రాత్రి కచ్చితంగా పోర్ట్ బ్లెయిర్‌లోనే పడుకోవాలి, ఏం జరిగినా సరే. మూడోది, మూడు దీవులు చాలు.

ఇక్కడ అత్తయ్యగారు వచ్చారు కథలోకి. ఈసారి సంక్రాంతికి మేం ఊరెళ్ళకుండా ఆవిడనే హైదరాబాద్ రమ్మన్నాం (గోదావరి జిల్లాల వాళ్ళెవరైనా చదువుతుంటే తిట్టకండి, పండక్కి ఊరెళ్ళకపోవడం ఎంత పాపమో నాకు తెలుసు). ఆవిడ పుట్టింది ఉప్పాడలో, కాకినాడ పక్కన, సముద్రం ఊరిని కొంచెం కొంచెం తినేస్తున్న ఉప్పాడే. ఆవిడ చిన్నప్పటి ఇల్లు ఉన్న చోట ఇప్పుడు కెరటాలున్నాయి. డిసెంబర్‌లో నేను ల్యాప్‌టాప్ ముందు కూర్చుని నీల్ దీవిలో న్యాచురల్ బ్రిడ్జ్ అని ఒకటుంది, రాతి వంతెన, నీళ్ళు బాగా తీసినప్పుడే దాని దాకా నడిచి వెళ్ళగలం, ఎప్పుడు తీస్తాయో తెలీట్లేదు అని మా ఆయనతో చెప్తున్నా. ఆవిడ గోరుచిక్కుళ్ళు తుంచుతూ తలెత్తకుండా "అమావాస్యకి గానీ పున్నానికి గానీ పెట్టుకో అమ్మాయ్, అష్టమికి వెళ్తే ఏం తియ్యవు" అన్నారు.

నేను ఆగిపోయా. అంతే కదా అసలు, సూర్యుడూ చంద్రుడూ ఒకే వరసలో ఉన్నప్పుడు ఇద్దరూ కలిసి లాగుతారు, పోటు పెద్దది, తీత కూడా పెద్దదే. అష్టమికి ఇద్దరూ చెరో వైపు లాగుతారు, నీళ్ళు ఎక్కడివక్కడే ఊగుతుంటాయి. ఇది నేను ఎనిమిదో క్లాసులో బొమ్మ గీసి మార్కులు తెచ్చుకున్న పాఠం, ఆవిడ చిన్నప్పుడు ఇసకలో ఆడుకుంటూ నేర్చుకున్న పాఠం. పైగా ఆవిడ ఇంకో మాట కూడా చెప్పారు, అసలైన పోటు తిథి రోజు కాదు, ఒకట్రెండు రోజులు ఆగి వస్తుందని. తర్వాత టైడ్ టేబుల్ తీసి చూస్తే నిజంగానే అలాగే ఉంది.

సరే అయితే అమావాస్యా పున్నమా? హేవ్‌లాక్‌లో రాత్రిపూట నీళ్ళు మెరుస్తాయి, కలిపితే నీలంగా వెలిగే సూక్ష్మజీవులు ఉంటాయి, అది చూడాలంటే వెన్నెల ఉండకూడదు. కాబట్టి అమావాస్య. నేను ఎగిరి గంతేసి క్యాలెండర్ తీస్తే జనవరి 18 ఆదివారం, పుష్య అమావాస్య. అంటే మా కాకినాడ వాళ్ళ చొల్లంగి అమావాస్య. పండగ అయిపోగానే వెళ్ళిపోవచ్చు, బుడ్డోడికి స్కూల్ కూడా నాలుగైదు రోజులే పోతుంది అని నేను లెక్కలేసుకుంటుంటే అత్తయ్యగారు ఒక చూపు చూశారు. "అమావాస్య నాడు ప్రయాణమా?"

పోనీ ముందే బయల్దేరదాం, శుక్రవారం ఫ్లైట్ చూడనా అన్నా.

"శుక్రవారం కనుమ. కనుమ నాడు కాకైనా కదలదు."

ఇహ మిగిలింది శనివారం. అలా మా ప్లాన్ పంచాంగం ప్రకారం తయారైంది. శనివారం 17న హైదరాబాద్ నుంచి పోర్ట్ బ్లెయిర్, ఆదివారం అమావాస్య కాబట్టి బోట్ ఎక్కకుండా ఊళ్ళోనే, సోమవారం హేవ్‌లాక్, అక్కడ రెండు రాత్రులు, బుధవారం నీల్‌లో ఒక రాత్రి, గురువారం మధ్యాహ్నం వెనక్కి పోర్ట్ బ్లెయిర్, శుక్రవారం ఇంటికి. ఆరు రాత్రులు, మూడే బోట్లు. చూశారా, ఆవిడ నమ్మకం కోసం ఆదివారం కదలకుండా ఉన్నాం అనుకున్నా గానీ, దిగిన మర్నాడు ఖాళీ రోజు ఉండటం వల్ల ఫ్లైట్ లేటైనా బోట్ మిస్సయ్యే భయం లేకుండా పోయింది. చాలామంది దిగిన రోజే మధ్యాహ్నం బోట్‌కి బుక్ చేసేస్తారు, ఎయిర్‌పోర్ట్ నుంచి జెట్టీ దగ్గరే కానీ ఫ్లైట్ రెండు గంటలు లేటైతే ఏం చేస్తారు చెప్పండి. అన్నట్టు అత్తయ్యగారు విమానం వద్దు, వైజాగ్ నుంచి ఓడ ఉందటగా అని కూడా అడిగారు. ఉంది, నిజమే, కానీ నెలకి ఒకటో అరో, రెండున్నర రోజులు పడుతుంది, అదే విమానంలో రెండున్నర గంటలు. ఆవిడ ఒక నిట్టూర్పు విడిచి సరేలే అన్నారు.

పేర్ల గురించి ఒక మాట, బుకింగ్‌లో కన్‌ఫ్యూజ్ అవుతారు. పోర్ట్ బ్లెయిర్‌ని 2024లో శ్రీ విజయపురం చేశారు, హేవ్‌లాక్ 2018 నుంచి స్వరాజ్ ద్వీప్, నీల్ షహీద్ ద్వీప్, రాస్ ఐలాండ్ నేతాజీ సుభాష్ చంద్రబోస్ ద్వీప్. టికెట్ మీద కొన్నిచోట్ల కొత్త పేరు, కొన్నిచోట్ల పాత పేరు. ఆటో వాళ్ళు మాత్రం హేవ్‌లాక్, నీల్ అనే అంటారు.

దిగాక మొదటి షాక్ ఎండ కాదు, టైమ్. ఐదుంబావుకి సూర్యుడు మునిగిపోయాడు. బుడ్డోడు వాచీ పాడైందనుకున్నాడు. మన దేశం మొత్తానికి టైమ్ లెక్కగట్టే 82.5 డిగ్రీల రేఖ మా కాకినాడ పక్కనుంచే పోతుంది, అండమాన్ ఏమో దాదాపు 93 దగ్గరుంది, అంటే అక్కడి సూర్యుడు గడియారం కంటే నలభై నిమిషాలు ముందు నడుస్తాడు. హైదరాబాద్ ఇంకా పడమట, అందుకే మనకి తేడా మరీ ఎక్కువ కొడుతుంది. ప్లాన్‌లో ఇది పెద్ద విషయం, మధ్యాహ్నం మూడింటికి తీరిగ్గా బయల్దేరి బీచ్‌కి వెళ్దామంటే వెళ్ళేసరికి విజిల్ వేసి అందర్నీ బయటికి పంపించేస్తుంటారు. తెల్లారుజామున లేవండి, పదకొండున్నరకే అన్నం తినేయండి, రాత్రి ఎనిమిదికల్లా పడుకోండి. అత్తయ్యగారికి ఇది కొత్తేం కాదు, ఆవిడ జీవితమంతా ఇదే టైమ్‌టేబుల్.

అమావాస్య పొద్దున్న ఆవిడ నాలుగున్నరకే లేచి కూర్చున్నారు, చొల్లంగి స్నానం చెయ్యాలని. సరే అని కార్బిన్స్ కోవ్ బీచ్‌కి ఆటోలో వెళ్ళాం, ఇంకా సరిగ్గా తెల్లారలేదు. అక్కడ మొసళ్ళ హెచ్చరిక బోర్డు ఉంటుంది, అండమాన్‌లో ఉప్పునీటి మొసళ్ళు నిజంగానే ఉన్నాయి, బోర్డు ఉన్న చోట దాని మాట వినండి, వల కట్టిన భాగం దాటి వెళ్ళకండి. ఆవిడ మోకాళ్ళ లోతులో కూర్చుని మూడు మునకలు వేసి, సూర్యుడికి దోసిలి పట్టి, వెనక్కి తిరిగి "మనూరి సముద్రమేగా ఇదీ" అన్నారు. బుడ్డోడు ఊరుకుంటాడా, "కాదు నానమ్మా, బంగాళాఖాతం దీవులకి అవతలి వైపు, ఇది అండమాన్ సముద్రం" అన్నాడు. ఆవిడ చీర కొంగు పిండుకుంటూ "ఏ పేరైతే ఏంట్రా, ఉప్పగానే ఉందిగా" అన్నారు. ఆ పూట చేప ముట్టనన్నారు, హోటల్లో అటుకులు తెచ్చిచ్చారు.

మధ్యాహ్నం సెల్యులార్ జైల్. దీని గురించి అందరూ రాస్తారు, నేను తక్కువే రాస్తా. 1906లో కట్టడం పూర్తయ్యేసరికి ఏడు రెక్కలు, 693 గదులు, ఇప్పుడు మూడు రెక్కలే మిగిలాయి. ఒక గదిలోకి వెళ్ళి తలుపు దగ్గరికేసి నిలబడితే పైన చిన్న కిటికీ తప్ప ఏం కనపడదు, ఎదురు రెక్క వీపు కనపడేలా కట్టారు, ఒకడి మొహం ఒకడు చూసుకోకూడదని. మా ఆయన వైజాగ్‌లో చదివారు కాబట్టి ఆయనకి తెలిసిన సంగతి ఒకటి చెప్పారు, అల్లూరి సీతారామరాజు దళంలో ఉన్న గాం మల్లుదొరని అండమాన్‌కే పంపారట, ఆయన బతికి తిరిగొచ్చి 1952లో లోక్‌సభకి ఎన్నికయ్యారు. బయటికొచ్చాక బుడ్డోడికి పాత ఎర్ర ఇరవై రూపాయల నోటు చూపించాం, వెనకాల కొబ్బరిచెట్ల బొమ్మ ఉంటుంది చూడండి, అది ఇక్కడి నార్త్ బే లైట్‌హౌస్ వైపు దృశ్యమే. ఇంటి దగ్గర డబ్బాలోంచి వెతికి మరీ తీసుకెళ్ళా ఆ నోటు.

ఊళ్ళో తెలుగు వినపడుతుంది బాగా. శ్రీకాకుళం, విశాఖ వైపు నుంచి తరాల కిందట చేపల పనికీ కూలి పనికీ వచ్చి స్థిరపడిన వాళ్ళు చాలామంది. మేం ఎక్కిన ఆటో ఆయనది టెక్కలి వైపు, ఆయన పుట్టింది మాత్రం ఇక్కడే. అత్తయ్యగారికీ ఆయనకీ రేట్ల దగ్గర మొదలై చుట్టరికాల దాకా వెళ్ళిపోయింది మాట, చివరికి ఆయన మాతో తక్కువే తీసుకున్నారో ఎక్కువే తీసుకున్నారో నాకిప్పటికీ తెలీదు.

బోట్లు రెండు రకాలు. ప్రైవేట్ క్యాటమరాన్‌లు ఏసీవి, పోర్ట్ బ్లెయిర్ నుంచి హేవ్‌లాక్‌కి గంటన్నర, మనిషికి ఇంచుమించు రెండు వేలు, చాలా ముందే బుక్ చేసుకోవచ్చు. గవర్నమెంట్ బోట్లు చవక, కొంచెం నిదానం, టికెట్లు కొద్దిరోజుల ముందే వదులుతారు, లోకల్ వాళ్ళకి ముందు ఇస్తారు, ఇవ్వాలి కూడా, వాళ్ళకది టూరు కాదు ఊరెళ్ళే బస్సు. కానీ గవర్నమెంట్ బోట్‌లో డెక్ మీద నిలబడి గాలి పీల్చచ్చు, ఏసీ బోట్‌లో అద్దాల వెనక సీట్లో కూర్చోవాలి, కడుపులో తిప్పేవాళ్ళకి అదే నరకం. మేం వెళ్ళేటప్పుడు ప్రైవేట్, నీల్ నుంచి వెనక్కి గవర్నమెంట్ అని పెట్టుకున్నాం. నేను అరగంట ముందే అవోమిన్ వేసుకున్నా, బుడ్డోడికి కూడా డాక్టర్ని అడిగి తెచ్చిన మందు పట్టించా, అత్తయ్యగారు నిమ్మకాయ ఒకటి గుప్పెట్లో పెట్టుకుని కూర్చున్నారు. వాంతి చేసుకున్నది ఎవరంటే "నాకేం కాదు" అన్న మా ఆయన. నిమ్మకాయ ఆయన చేతికొచ్చింది.

హేవ్‌లాక్‌లో బీచ్‌లకి నంబర్లు. ఏడో నంబర్ రాధానగర్, 2004లో టైమ్ మ్యాగజైన్ ఆసియాలోకెల్లా మంచి బీచ్ అని రాసింది, అప్పట్నుంచి ప్రతి బోర్డు మీదా అదే. ఇంత పొగిడిన చోటు బాగోదేమో అనుకుని వెళ్ళా, బావుంది. పెద్దపెద్ద చెట్లు అడవిలాగా ఇసక దాకా వచ్చేస్తాయి, దుకాణాలన్నీ వెనకే ఆగిపోతాయి, ఇసక పిండిలా ఉంటుంది. రాజన్ అని ఒక ఏనుగు ఉండేది, సముద్రంలో ఈదేది, 2016లో చనిపోయింది, దాని ఫొటోలు ఇప్పటికీ గోడల మీదుంటాయి, బుడ్డోడు దాన్ని చూడలేకపోయానని ఒక సాయంత్రమంతా మూతి ముడుచుకున్నాడు.

స్కూబా గురించి ప్లాన్‌లో ఒక్కటి గుర్తుపెట్టుకోండి, డైవ్‌ని ఆఖరికి పెట్టకండి. నీళ్ళ లోతులో గాలి పీల్చినప్పుడు ఒంట్లో నైట్రోజన్ చేరుతుంది, అది మెల్లగా పోవాలి, ఈలోపు విమానం ఎక్కితే పైన ప్రెషర్ తక్కువ కదా, సోడా సీసా మూత తీసినట్టు బుడగలు కడుతుంది. కనీసం 18 గంటలు గ్యాప్ ఉండాలంటారు, మేం మంగళవారం పెట్టి శుక్రవారం ఎగిరాం. నాకు ఆస్తమా ఉంది కాబట్టి ఫారంలో నిజం రాసి ఒడ్డునే ఉండిపోయా, పదేళ్ళు నిండలేదని బుడ్డోడిని దింపలేదు, అలా మా ముగ్గురం గొడుగు కింద కూర్చుని జంతికలు తిన్నాం. మా ఆయన పైకొచ్చి చేపలు మొహం దగ్గరికొచ్చాయి అని చిన్నపిల్లాడిలా చెప్తుంటే కొంచెం కుళ్ళుకున్నా కూడా.

ఆ రాత్రే నీళ్ళ మెరుపు చూడటానికి వెళ్ళాం. నెలవంక సన్నగా కనపడి కాసేపటికే దిగిపోయింది, ఆ తర్వాత చీకటంటే చీకటి, చెయ్యి చాపితే చెయ్యి కనపడదు. తండ్రీ కొడుకులు కయాక్ ఎక్కి మడచెట్ల మధ్యలోకి వెళ్ళారు, మేం ఇద్దరం ఒడ్డునే రాయి మీద కూర్చున్నాం. వాళ్ళు తెడ్డు వేసిన చోటల్లా నీలంగా ఒక గీత వెలిగి ఆరిపోతోంది. కళ్ళు అలవాటు పడ్డాక అత్తయ్యగారు మెల్లగా వంగి నీళ్ళలో వేళ్ళు ఆడించారు. వేళ్ళ చుట్టూ నిప్పురవ్వల్లాగా, కానీ చల్లగా. గాజుల దాకా చెయ్యి ముంచి పైకి తీస్తే రెండు చుక్కలు గాజు మీద వెలిగి జారిపోయాయి. ఆవిడ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "మా నాన్న వలలు లాగే చోటికి తీసుకెళ్ళేవాడే అమ్మాయ్, అమావాస్య రాత్రుళ్ళు వల అంతా ఇలాగే మెరిసేది. కరెంటు స్తంభాలు వచ్చాక మళ్ళీ చూళ్ళేదు" అన్నారు. ఫోన్‌లో తీద్దామని చూశా, నల్లగా వచ్చింది. ఫొటో లేదు కాబట్టి అడక్కండి.

బుధవారం మాకు బోట్ షాక్ తగిలింది. పొద్దున పదకొండుకి నీల్ బోట్, ముందురోజు రాత్రి తొమ్మిదింటికి మెసేజ్ పెట్టారు టైమ్ మార్చాం మధ్యాహ్నం మూడు అని. హేవ్‌లాక్‌లో సిగ్నల్ వస్తూ పోతూ ఉంటుంది, మేం ఆ మెసేజ్ చూసింది జెట్టీకి వచ్చాకే. (2020లో చెన్నై నుంచి సముద్రం అడుగున 2,300 కిలోమీటర్ల కేబుల్ వేశాక ఇంటర్నెట్ చాలా మెరుగైందంటారు, నిజమే గానీ మా రిసార్ట్ ఉన్న మూలకి అది చేరలేదు.) నాలుగు గంటలు బ్యాగుల మీద కూర్చున్నాం. పాత ఎక్సెల్ ప్లాన్ అయితే ఆ రోజు మూడు గడులు ఎగిరిపోయేవి, నేను ఏడ్చేదాన్ని. ఇందులో బుధవారం గడిలో ఒక్కటే రాసుంది, "నీల్ చేరాలి". చేరాం. అదీ చీకటి పడే టైమ్‌కి.

నీల్ చిన్నది, ఆటోలో గంటలో చుట్టేయచ్చు. పొలాలు, అరటి తోటలు, కూరగాయల మళ్ళు, మా కోనసీమని కొంచెం కుదించి సముద్రంలో పెట్టినట్టుంటుంది. తూర్పు బెంగాల్ నుంచి వచ్చినవాళ్ళకి భూములిచ్చి స్థిరపరిచారు, వాళ్ళు ఊళ్ళకి పెట్టుకున్న పేర్లు రామ్‌నగర్, సీతాపూర్, లక్ష్మణ్‌పూర్, భరత్‌పూర్. అత్తయ్యగారు వేళ్ళు మడిచి లెక్కపెట్టి "శత్రుఘ్నుడేడి?" అన్నారు. పాపం ఆయన్ని ఎక్కడైనా మర్చిపోతారు. తిండి బెంగాలీ భోజనం, చేప తాజాగా బ్రహ్మాండం, కానీ ఆవనూనె వాసన ఆవిడకి పడలేదు, మేం తీసుకెళ్ళిన కందిపొడీ మాగాయతో నడిపించేశారు.

గురువారం పొద్దున్నే ఆరు దాటాక న్యాచురల్ బ్రిడ్జ్. నిజంగా నీళ్ళు ఎక్కడికో పోయాయి, సముద్రం ఇంట్లో సామాన్లన్నీ బయట పడేసి ఊరెళ్ళినట్టుంది. చచ్చిన పగడపు రాళ్ళ మీద నడవాలి, పాకుడు, హవాయి చెప్పులతో వెళ్ళకండి, పట్టు ఉండే శాండిల్స్ కావాలి. గుంటల్లో చిన్న పీతలు, నల్లగా దోసకాయలా మెత్తగా పడున్న ఒక జీవి, నీలం అంచు పెదాలున్న ఒక ఆల్చిప్ప, మనం నీడ వేస్తే టక్కున మూసుకుంటుంది. బుడ్డోడు నీడ వెయ్యడం తియ్యడం, వెయ్యడం తియ్యడం, గైడ్ అబ్బాయి చివరికి "దాన్ని తిననివ్వు బాబూ" అన్నాడు హిందీలో. అత్తయ్యగారు వంతెన దాకా రాలేదు, మోకాళ్ళు. ఒడ్డున కూర్చుని నీళ్ళు మళ్ళీ ఎప్పుడెక్కుతాయో మాకు కేకేసి చెప్తానన్నారు, చెప్పారు కూడా, గైడ్ కంటే ముందే. మధ్యాహ్నానికి పోటు వచ్చి భరత్‌పూర్ బీచ్ అంతా పచ్చటి అద్దంలా నిండిపోయింది, అద్దం అడుగున్న బోట్ ఎక్కాలంటే అప్పుడు ఎక్కాలి.

బారాటాంగ్ ఎందుకు వెళ్ళలేదని అందరూ అడుగుతున్నారు. సున్నపురాయి గుహలున్నాయి, బురద ఉబికే అగ్నిపర్వతం ఉంది, చూడాల్సినవే. కానీ ఆ రోడ్డు జరావాలనే ఆదిమ తెగ వాళ్ళుండే అడవిలోంచి పోతుంది, జిర్కాటాంగ్ దగ్గర బళ్ళన్నీ ఆపి కాన్వాయ్‌గా వదులుతారు, మధ్యలో ఆగకూడదు, ఫొటో తియ్యకూడదు. రూల్స్ మంచివే. అయినా ఆ బళ్ళలో సగం మంది కిటికీలోంచి మనుషులు కనిపిస్తారేమో అని చూస్తారని విన్నాక నాకు మనసొప్పలేదు. పైగా తెల్లారుజామున మూడింటికి లేవాలి, అది కూడా నిజమే.

ఖర్చు అడుగుతారు కాబట్టి, నలుగురికి ఫ్లైట్లు, బోట్లు, మధ్యరకం గదులు, ఒక డైవ్, తిండి అన్నీ కలిపి లక్షా అరవై వేల దగ్గర తేలింది, అందులో ఫ్లైట్లే సగానికి దగ్గర. రూమ్‌లు బుక్ చేసేముందు బోట్ సీట్లు బుక్ చేసుకోండి, మొదట గది తీసుకుని తర్వాత బోట్ చూస్తే ఏడుస్తారు. ఫొటో ఐడీ ఒరిజినల్ అందరిదీ పెట్టుకోండి, బోట్ ఎక్కేటప్పుడు అడుగుతారు. దీవుల్లో ఏటీఎంలు తక్కువ, క్యాష్ ఉంచుకోండి. సాయంత్రం ఇసకలో కూర్చుంటే శాండ్‌ఫ్లైస్ కుడతాయి, కంటికి కనపడవు, మర్నాడు తెలుస్తుంది, నా కాళ్ళ మీద ఇంకా మచ్చలున్నాయి. కొబ్బరినూనె రాసుకోమని ఆవిడ మొదటి రోజే చెప్పారు, జిడ్డు అని నేను రాసుకోలేదు.

శుక్రవారం ఎయిర్‌పోర్ట్‌లో బుడ్డోడి బ్యాగ్ స్కానర్‌లో ఆగింది. అక్కణ్ణుంచి గవ్వలు గానీ పగడపు ముక్కలు గానీ తీసుకెళ్ళకూడదు, చచ్చినవైనా సరే, మేం వాడికి పదిసార్లు చెప్పాం. అక్కడి సెక్యూరిటీ ఆవిడ బ్యాగ్ తెరిచి పైజేబులోంచి వేలెడంత తెల్ల పగడపు ముక్క తీసింది. వాడు నా వైపు చూడకుండా నానమ్మ వైపు చూశాడు. అత్తయ్యగారు వాడి వైపు చూడకుండా పైకప్పు వైపు చూశారు. తిట్టలేదు లెండి, ట్రేలో పెట్టించుకుని పంపించేశారు. విమానంలో మా ఆయన అడిగారు, "అమ్మా, నువ్వే ఇచ్చావా?" ఆవిడ బెల్టు సరిచేసుకుంటూ "శుక్రవారం పూట అబద్ధం ఆడించకురా" అన్నారు.